రెండు నారింజలు.. ఒక నిమ్మపండు.. చిగుళ్ల రోగాన్ని జయించిన జేమ్స్ లిండ్

ఓడ తీరాన్ని విడిచిన రెండు మూడు నెలలకు నావికుల చిగుళ్లు ఉబ్బేవి. వేలు తగిలితే చాలు నెత్తురు కారేది. మరికొన్ని వారాలకు అవి నల్లబడి, మెత్తబడి, పళ్లను కప్పేసేంతగా పెరిగేవి. నోటి నుంచి దుర్గంధం వెలువడేది. గట్టి రొట్టె నమలడానికి వీలుగా ఆ కుళ్లిన కండను ఓడ వైద్యులు కత్తితో కోసి తీసేవారు. చర్మంపై మచ్చలు, మోకాళ్లలో నిస్సత్తువ, పళ్లు ఊడిపోవడం, చివరకు మరణం.. ఇదీ స్కర్వీ వ్యాధి క్రమం. దాదాపు మూడు శతాబ్దాల పాటు సముద్ర యుద్ధాల కన్నా ఎక్కువ మంది నావికులను బలిగొన్న ఈ వ్యాధికి ఆహారమే మందు అని ప్రయోగపూర్వకంగా చూపిన వైద్యుడు జేమ్స్ లిండ్. తాను చూపిన దారిని ప్రభుత్వం అనుసరించడం మాత్రం ఆయన కళ్లారా చూడలేకపోయారు.

వర్తక కుటుంబం నుంచి నౌకాదళానికి

లిండ్ 1716 అక్టోబరు 4న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించారు. 1731లో, పదిహేనేళ్ల ప్రాయంలో, ఆ నగరంలోని జార్జి లాంగ్లాండ్స్ అనే శస్త్రవైద్యుని వద్ద శిష్యుడిగా చేరారు. నాటి వైద్య విద్యలో అధిక భాగం ఇలా గురువు వెంట తిరిగి నేర్చుకున్నదే. 1739లో బ్రిటిష్ నౌకాదళంలో సహాయ శస్త్రవైద్యుడిగా ఉద్యోగం సంపాదించారు. మధ్యధరా సముద్రంలోనూ, పశ్చిమాఫ్రికా తీరంలోనూ, వెస్టిండీస్ ద్వీపాల వద్దనూ పనిచేశారు. 1747 నాటికి హెచ్‌ఎంఎస్ సాలిస్‌బరీ అనే యుద్ధనౌకకు శస్త్రవైద్యుడయ్యారు.

ఆ కాలపు ఓడలో నావికునికి దక్కే భోజనం ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం, పంది మాంసం, రాయిలాంటి బిస్కట్టు రొట్టె, ఎండు బఠాణీలు, ఓట్ల పిండి, జున్ను, వెన్న, బీరు. కడుపు నింపడానికి కొరత లేదు. శ్రమకు కావలసిన శక్తి కూడా ఉంది. లేనిదల్లా పచ్చిదనం. పండుగానీ, ఆకుకూరగానీ, తాజా కాయగూరగానీ నెలల తరబడి నావికుల నోట పడేది కాదు. ఇంగ్లండు తీరానికి అట్టే దూరం వెళ్లని పది పదకొండు వారాల గస్తీ యాత్రల్లో సైతం లిండ్ ఓడలో పదుల సంఖ్యలో నావికులు స్కర్వీతో మంచాన పడ్డారు.

ఓడలపై మృత్యుతాండవం

లిండ్ నౌకాదళంలో చేరిన మరుసటి ఏడాది, 1740లో, జార్జి ఆన్సన్ నాయకత్వంలో ఒక బ్రిటిష్ నౌకా దండు స్పెయిన్‌పై యుద్ధానికి పసిఫిక్ మహాసముద్రం వైపు బయలుదేరింది. సుమారు 1,900 మందితో సాగిన ఆ యాత్ర 1744లో ముగిసేసరికి దాదాపు 1,400 మంది మరణించారు. శత్రువు చేతిలో పోయినవారు వారిలో అతి స్వల్పం. అధిక భాగం వ్యాధులకు, ముఖ్యంగా స్కర్వీకి బలయ్యారు.

ఆ యాత్రా వృత్తాంతంలో ఒక వింత నమోదైంది. 1690లో ఐర్లండులోని బాయిన్ నదీతీర యుద్ధంలో గాయపడిన ఒక సైనికుడు వృద్ధాప్యంలో ఈ ఓడ ఎక్కాడు. యాభై ఏళ్ల కిందట పూర్తిగా మానిన అతని గాయాలు స్కర్వీ సోకిన తరువాత మళ్లీ విచ్చుకున్నాయి. ఎన్నడో అతుక్కున్న ఎముక కూడా విడిపోయింది. మానిన గాయం మానినట్టే ఉండాలన్నా శరీరానికి నిత్యం ఏదో ఒక పోషణ అందాలన్న సత్యం ఆ ముదుసలి దేహంలో ప్రత్యక్షమైంది. దాని అర్థం మాత్రం అప్పటికి ఎవరికీ బోధపడలేదు.

ఆన్సన్ యాత్ర మిగిల్చిన విషాదమే లిండ్‌ను ఈ వ్యాధిపై లోతైన అధ్యయనానికి పురికొల్పింది. అనంతర కాలంలో తన గ్రంథాన్ని ఆయన ఆన్సన్‌కే అంకితం చేశారు.

తెలిసిన మందే.. మరచిన మందు

నిమ్మజాతి పండ్లు స్కర్వీకి పనిచేస్తాయన్న సంగతి లిండ్‌కు ముందే కొందరికి అనుభవంలో ఉంది. 1498లో ఆఫ్రికా తూర్పు తీరం మీదుగా మన కాలికట్‌కు వచ్చిన వాస్కో డ గామా ఓడల్లో నావికుల చిగుళ్లు పళ్లపైకి పెరిగాయి. తిరుగు ప్రయాణంలో అరేబియా సముద్రం దాటేసరికి పలువురు కన్నుమూశారు. తీరం చేరగానే రోగులు ఆశగా కోరినవి నారింజలే. 1601లో ఈస్టిండియా కంపెనీ తొలి యాత్రకు నాయకుడైన జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలోని వారికి రోజూ ఉదయం నిమ్మరసం పోయించాడు. ఆ ఓడ సిబ్బంది ఆరోగ్యంగా ఉండగా, వెంట వచ్చిన తక్కిన ఓడల వారు స్కర్వీతో కుప్పకూలారు. 1617లో జాన్ వుడాల్ అనే వైద్యుడు ఓడ వైద్యుల కోసం రాసిన గ్రంథంలోనూ నిమ్మరసాన్ని సిఫారసు చేశారు.

అయినా ఆ విజ్ఞానం నిలవలేదు. తేమగాలి, సోమరితనం, ఉప్పు మాంసం, రక్తం కుళ్లడం.. ఇలా ఒక్కో పండితుడు ఒక్కో కారణం చెప్పేవాడు. ఒక్కొక్కరు ఒక్కో మందు వాడేవారు. ఏ మందును ఏ మందుతోనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసిన వారు లేరు. ఆ పని లిండ్ చేశారు.

పన్నెండు మంది.. ఆరు పథ్యాలు

1747 మే 20న, ఓడ సముద్రంపై ఉండగానే, స్కర్వీ సోకిన పన్నెండు మంది నావికులను లిండ్ ఎంపిక చేశారు. వీలైనంత వరకు ఒకే స్థాయి రోగులను ఎన్నుకున్నారు. అందరికీ కుళ్లిన చిగుళ్లు, ఒంటిపై మచ్చలు, మోకాళ్ల నిస్సత్తువ ఉన్నాయి. అందరినీ ఒకే చోట పడుకోబెట్టారు. గంజి, మాంసం పులుసు, బార్లీ, బియ్యం, సగ్గుబియ్యం వంటి సాధారణ ఆహారాన్ని అందరికీ ఒకే విధంగా ఇచ్చారు. ఆపై ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేసి, జట్టుకొక మందు నిర్ణయించారు.

మొదటి జట్టుకు ఆపిల్ రసాన్ని పులియబెట్టిన పానీయం రోజుకు సుమారు లీటరు. రెండో జట్టుకు బాగా పలుచన చేసిన గంధకామ్లపు మందు రోజుకు మూడుసార్లు, ఇరవై అయిదు చుక్కల చొప్పున. అదే ద్రవంతో నోరు పుక్కిలించడం కూడా వారి పథ్యంలో భాగం. మూడో జట్టుకు రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాల వెనిగర్. నాలుగో జట్టుకు సముద్రపు నీరు. అయిదో జట్టుకు రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరో జట్టుకు వెల్లుల్లి, ఆవాలు, బోళం తదితరాలతో నూరిన జాజికాయంత లేహ్యం, దానితోపాటు చింతపండు కలిపిన బార్లీ నీళ్లు.

పండ్ల నిల్వ ఆరు రోజులకే అయిపోయింది. కానీ ఆ ఆరు రోజులే చాలాయి. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరిలో ఒకరు ఆరో రోజుకు విధుల్లో చేరగలిగారు. మరొకరు తక్కిన రోగులకు సేవ చేసేంతగా కోలుకున్నారు. ఆపిల్ పానీయం తాగినవారు కాస్త మెరుగనిపించారు. తక్కిన నాలుగు జట్లలో చెప్పుకోదగ్గ గుణం కనిపించలేదు.

ఒకే స్థాయి రోగులకు, ఒకే పరిస్థితుల్లో, వేర్వేరు చికిత్సలు ఇచ్చి ఫలితాలను పోల్చిన ఈ ప్రయోగాన్ని వైద్య చరిత్రలో తొలి నియంత్రిత పరీక్షల్లో ఒకటిగా నేడు పరిగణిస్తున్నారు. అందుకే 2005 నుంచి ఏటా మే 20వ తేదీని అంతర్జాతీయ క్లినికల్ ట్రయల్స్ దినంగా పాటిస్తున్నారు.

శుభ్రమైన నోరు.. మానని రోగం

ఈ ప్రయోగంలో అంతగా ప్రచారానికి నోచుకోని రెండు అంశాలు నేటి దంతవైద్యానికి సైతం పాఠాలుగా నిలుస్తాయి.

మొదటిది గంధకామ్లపు ద్రవంతో పుక్కిలించిన జట్టు. వారి నోళ్లు తక్కినవారి కన్నా శుభ్రంగా కనిపించాయి. కానీ రోగం ఇసుమంతైనా తగ్గలేదు. నోటిని పైనుంచి కడిగినంత మాత్రాన లోపల లేని పోషణ రాదు. రెండోది పండ్లు తిని విధుల్లో చేరిన నావికుని స్థితి. ఆరో రోజుకు అతని శరీరంలో సత్తువ వచ్చింది గానీ చిగుళ్లు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. మచ్చలూ మాయం కాలేదు. జూన్ 16న ఓడ ప్లిమత్ రేవు చేరేలోగా, పుక్కిలింత తప్ప మరో మందు లేకుండానే, అతడు సంపూర్ణ ఆరోగ్యవంతుడయ్యాడు. చెడిన చిగురు కండ తిరిగి కట్టుకోవడానికి వ్యవధి కావాలని, ఆ పని లోపలి పోషణ, బయటి శుభ్రత కలిస్తేనే సాగుతుందని ఆ ఒక్క రోగి చరిత్ర చెబుతుంది.

ఆరో జట్టు కూడా మనకు ఆసక్తికరమే. చింతపండు పులుపు వారిని కాపాడలేదు. వెనిగర్ పులుపు, గంధకామ్లపు పులుపు కూడా పనిచేయలేదు. పుల్లనివన్నీ స్కర్వీకి మందులేనని నాటి వైద్యులు నమ్మేవారు. పులుపు వేరు, రోగాన్ని మాన్పే పదార్థం వేరు అని ఈ ఆరు జట్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేటతెల్లమవుతుంది.

గ్రంథం వెలువడినా..

1748లో లిండ్ నౌకాదళాన్ని వీడి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. 1750లో అక్కడి రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్‌లో సభ్యత్వం లభించింది. సొంత వైద్యవృత్తి సాగిస్తూ 1753లో స్కర్వీపై తన బృహద్గ్రంథాన్ని వెలువరించారు. అంతకుముందు ఈ వ్యాధిపై వచ్చిన రచనలన్నింటినీ అందులో సమీక్షించారు.

అయితే నాలుగు వందల పేజీలకు పైబడిన ఆ గ్రంథంలో సాలిస్‌బరీ ప్రయోగానికి దక్కిన చోటు కొన్ని పేరాలు మాత్రమే. ఆహారంలో ఏదో ఒక పదార్థం లోపించడమే రోగానికి మూలమన్న భావన ఆయనకే తట్టలేదు. తేమ వాతావరణంలో చెమట సరిగా పట్టక, జీర్ణశక్తి మందగించి, శరీరంలో మలినాలు పేరుకుంటాయన్నది ఆయన సిద్ధాంతం. కళ్లెదుట కనిపించిన ఫలితాన్ని నాటి సిద్ధాంతాల చట్రంలో ఇమిడ్చే ప్రయత్నంలో ఆ ఫలితపు పదును కొంత మొద్దుబారింది.

నావికుల ఆరోగ్య పరిరక్షణపై లిండ్ 1757లో మరో గ్రంథం రాశారు. ఆ మరుసటి ఏడాది పోర్ట్స్‌మత్ రేవుకు ఎదురుగా గాస్‌పోర్ట్‌లో నెలకొన్న హాస్లర్ నౌకాదళ ఆసుపత్రికి ప్రధాన వైద్యునిగా నియమితులయ్యారు. ఓడల్లో పరిశుభ్రత, నావికులకు శుభ్రమైన దుస్తులు, స్నానం, సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి మంచినీరు పొందే విధానం.. ఇలా ఆయన చేసిన సూచనలు అనేకం. ఉష్ణ దేశాలకు వెళ్లే ఐరోపావారికి వచ్చే వ్యాధులపై 1768లో ఆయన రాసిన పుస్తకం పలు ముద్రణలు పొందింది.

ఇంతలో 1756 నుంచి 1763 వరకు సాగిన సప్తవర్ష సంగ్రామం ముగిసింది. నాటి లెక్కల ప్రకారం బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన సుమారు 1 లక్షా 85 వేల మందిలో పోరులో మరణించినవారు 1,512 మంది. వ్యాధులతో మరణించినవారు, జాడ తెలియకుండా పోయినవారు కలిపి 1 లక్షా 33 వేలకు పైనే. లిండ్ గ్రంథం వెలువడి అప్పటికి పదేళ్లు దాటింది.

మరిగిస్తే పోయిన గుణం

జాప్యానికి కారణం అధికారుల ఉదాసీనత ఒక్కటే కాదు. నెలల తరబడి సాగే యాత్రల్లో తాజా పండ్లు నిల్వ ఉండవు. ఈ చిక్కును తీర్చడానికి లిండ్ ఒక ఉపాయం సూచించారు. నారింజ, నిమ్మరసాలను వేడినీటి పాత్రలో ఉంచి గంటల తరబడి కాచి, పాకంలా చిక్కబరచి సీసాల్లో నింపాలన్నారు. అది ఏళ్ల తరబడి చెడదని, తాజా రసంతో సమానమని ఆయన విశ్వసించారు.

రోగాన్ని మాన్పే పదార్థం వేడికి, గాలికి నశిస్తుందని ఆయనకు తెలియదు. పాకం తయారీలోనే దాని గుణం చాలావరకు పోయేది. నిల్వలో మిగిలినదీ క్షీణించేది. ఈ పాకాన్ని కొన్ని ఓడల్లో వాడి చూసినప్పుడు ఆశించిన ఫలితం రాలేదు. మరోవైపు మొలకెత్తిన బార్లీ కషాయమే స్కర్వీకి దివ్యౌషధమన్న వాదం బలపడింది. ప్రసిద్ధ నావికుడు కెప్టెన్ కుక్ తన యాత్రల్లో ఎక్కడ రేవు తగిలినా ఆకుకూరలు, పండ్లు సేకరించి సిబ్బందికి తినిపించాడు. వారిలో స్కర్వీ మరణాలు దాదాపు లేవు. ఆ ఘనత కషాయానికి దక్కింది, నిమ్మ వెనకబడింది.

హాస్లర్‌లో వందలాది రోగులను చూసిన అనుభవం కూడా లిండ్ సందేహాలను పూర్తిగా తీర్చలేదు. 1772లో వెలువడిన తన గ్రంథపు మూడో ముద్రణలో ఆయన స్వరం తొలి ముద్రణ నాటి కన్నా సంశయాత్మకంగా ఉంది. 1783లో పదవీ విరమణ చేయగా కుమారుడు జాన్ ఆ స్థానంలో నియమితుడయ్యారు.

మద్రాసు చేరిన ఓడ

లిండ్ రచనలను శ్రద్ధగా చదివిన గిల్బర్ట్ బ్లేన్ అనే వైద్యుడు వెస్టిండీస్ నౌకా దండులో పనిచేస్తూ మరణాల లెక్కలు పక్కాగా నమోదు చేశారు. పలుకుబడి కలిగిన ఆయన నిమ్మరసం కోసం పట్టుపట్టారు. 1794 ఏప్రిల్‌లో హెచ్‌ఎంఎస్ సఫోక్ అనే ఓడ తగినంత నిమ్మరసం నింపుకొని ఇంగ్లండు నుంచి భారతదేశానికి బయలుదేరింది. 23 వారాల పాటు ఎక్కడా తీరాన్ని తాకకుండా ప్రయాణించి సెప్టెంబరులో మద్రాసు చేరింది. నిమ్మరసాన్ని చక్కెరతో కలిపి నావికులకు రోజూ ఇచ్చారు. దారిలో కొందరికి స్కర్వీ లక్షణాలు పొడచూపినా, రసం మోతాదు పెంచగానే తగ్గిపోయాయి. ఆ వ్యాధితో ఒక్కరూ మరణించలేదు.

ఆ ఓడ ఇంకా సముద్రంపై ఉండగానే, 1794 జులైలో, జేమ్స్ లిండ్ గాస్‌పోర్ట్‌లో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని సమీపంలోని పోర్ట్‌చెస్టర్ సెయింట్ మేరీ చర్చిలో ఖననం చేశారు. మరుసటి ఏడాది, 1795లో, నౌకాదళ ఓడలకు నిమ్మరసం సరఫరా చేయాలన్న నిర్ణయం వెలువడింది. సాలిస్‌బరీ ప్రయోగానికీ ఈ నిర్ణయానికీ మధ్య 48 ఏళ్లు గడిచిపోయాయి. ఏడాదికి వేయి మందికి పైగా స్కర్వీ రోగులను చూసిన హాస్లర్ ఆసుపత్రికి, 19వ శతాబ్ది తొలి దశకంలో ఆ వ్యాధితో వచ్చేవారు దాదాపు లేకుండా పోయారు.

మళ్లీ ముసిరిన నీడ

కారణం తెలియని విజయం కలకాలం నిలవదు. 19వ శతాబ్ది మధ్యలో బ్రిటిష్ నౌకాదళం మధ్యధరా ప్రాంతపు పెద్ద నిమ్మపండ్లకు బదులు వెస్టిండీస్ నుంచి చిన్న నిమ్మకాయల రసం తెప్పించసాగింది. ఇవి మరింత పుల్లనివి కనుక మరింత మేలైనవని భావించారు. నిజానికి వాటిలో రోగాన్ని మాన్పే గుణం తక్కువ. నిల్వలో అది మరింత తగ్గేది. 1875లో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్లిన బ్రిటిష్ యాత్ర స్కర్వీతో దెబ్బతిని అర్ధాంతరంగా వెనుదిరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ వ్యాధి మన దేశ సైనికులనూ కాటేసింది. మెసపొటేమియాలోని కుట్ పట్టణంలో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ వరకు ముట్టడిలో చిక్కుకున్న సేనలో బ్రిటిష్ వారితోపాటు భారతీయులూ ఉన్నారు. గుర్రపు మాంసం తిన్న బ్రిటిష్ సైనికులు స్కర్వీ నుంచి చాలావరకు తప్పించుకున్నారు. ఆచారం అడ్డువచ్చి దాన్ని ముట్టని భారతీయ సైనికులు స్కర్వీకి గురయ్యారు. తాజా మాంసంలో కొద్దిపాటి రక్షక పదార్థం ఉండటమే ఈ తేడాకు కారణం. అదే సమయంలో మైదాపిండి తిన్న బ్రిటిష్ వారికి బెరిబెరి సోకగా, ముడి గోధుమపిండి తిన్న భారతీయులకు ఆ బాధ లేకపోయింది. ఏ ఆహారం లోపిస్తే ఏ రోగం వస్తుందో ఒకే కోటలో రుజువైంది. ఎండు గింజల్లో లేని ఈ రక్షక గుణం వాటిని నానబెట్టి మొలకెత్తిస్తే పుడుతుందని లండన్‌లోని లిస్టర్ సంస్థ పరిశోధకులు ఆ యుద్ధకాలంలోనే నిరూపించారు. మన పెసల మొలకలకు ఉన్న విలువ ఇదే.

చిగురే ముందుగా చెబుతుంది

1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిష్ గినీ పందుల్లో ఆహారం ద్వారా స్కర్వీని కలిగించగలిగారు. మనిషిలాగే ఈ జంతువు కూడా ఆ రక్షక పదార్థాన్ని తన శరీరంలో తయారు చేసుకోలేదు. హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ 1928లో వేరుచేసిన పదార్థమే విటమిన్ సి అని 1932లో తేలింది. ఆయనకు 1937లో నోబెల్ పురస్కారం లభించింది. లిండ్ రోగులు రోజూ తిన్న రెండు నారింజలు, ఒక నిమ్మపండులో ఈ విటమిన్ 100 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది.

శరీర కణజాలాన్ని తాళ్లలా కట్టి ఉంచే మాంసకృత్తి కొల్లాజెన్. చర్మం, ఎముక, రక్తనాళాల గోడలు, పంటిని దవడకు పట్టి ఉంచే పోగులు.. అన్నింటిలోనూ అది ఉంటుంది. కొల్లాజెన్ పోగులు గట్టిగా పెనవేసుకోవాలంటే విటమిన్ సి తప్పనిసరి. పాత పోగులు కరుగుతూ కొత్తవి పుట్టడం శరీరంలో నిరంతర ప్రక్రియ. పంటి చుట్టూ ఇది మరింత వేగంగా సాగుతుంది. సరఫరా ఆగిపోతే పాతవి కరుగుతాయి, కొత్తవి కట్టుకోవు. అందుకే చిగుళ్లు ఉబ్బి నెత్తురోడతాయి, పళ్లు ఊగుతాయి. యాభై ఏళ్ల నాటి గాయం విచ్చుకోవడానికీ ఇదే కారణం.

అయితే పళ్లు పూర్తిగా ఊడిపోయిన వారికి స్కర్వీ వచ్చినా చిగుళ్లు అంతగా ఉబ్బవు. పంటి మొదట్లో పేరుకునే సూక్ష్మజీవుల పొర కూడా ఈ రోగంలో పాత్రధారి కావడమే ఇందుకు కారణం. పోషణ లోపించిన చిగురు ఆ సూక్ష్మజీవుల దాడికి తట్టుకోలేదు. లిండ్ ఓడలో బయటపడిన సత్యం ఇక్కడా వర్తిస్తుంది. శుభ్రత ఒక రెక్క, ఆహారం మరో రెక్క.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1944 నుంచి 1946 వరకు స్వచ్ఛంద సేవకులపై జరిగిన ప్రయోగంలో విటమిన్ సి లేని ఆహారం తిన్నవారికి కొన్ని నెలల తరువాత చిగుళ్లు చెడ్డాయి, గాయాలు సరిగా మానలేదు. రోజుకు 10 మిల్లీగ్రాములు ఇవ్వగానే ఆ లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. రోగం రాకుండా ఉండటం వేరు, నిండు ఆరోగ్యం వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి సిఫారసు చేసింది.

మన పెరట్లోని మందు

గూడూరు, తెనాలి నిమ్మ మార్కెట్లు ఉన్న నేలపై ఈ విటమిన్‌కు కరవు రాకూడదు. మన చిన్న నిమ్మ కన్నా, నారింజ కన్నా జామపండులో విటమిన్ సి ఎన్నో రెట్లు అధికం. ఉసిరికాయ అంతకు మించినది. మునగాకు, పచ్చిమిర్చి, తోటకూర, మొలకెత్తిన పెసలు కూడా మంచి ఆధారాలే. నిత్యం వాడే చింతపండులో మాత్రం ఇది అతి స్వల్పం. లిండ్ పాకం నేర్పిన పాఠం మన వంటింటికీ వర్తిస్తుంది. పులిహోరలోనైనా పప్పులోనైనా నిమ్మరసాన్ని పొయ్యి దించిన తరువాత పిండితే గుణం దక్కుతుంది. కూరలను కోసిన తరువాత గాక ముందే కడగాలి. నిమ్మచెక్కతో పళ్లు, చిగుళ్లు రుద్దే అలవాటు మంచిది కాదు. ఆ పులుపు పంటి పైపొరను తినేస్తుంది. నిమ్మ మేలు చేసేది కడుపులోకి వెళ్లినప్పుడే.

చిగుళ్ల నుంచి రక్తం వచ్చినంత మాత్రాన అది స్కర్వీ అని భావించనక్కర్లేదు. పంటి గార పేరుకోవడమే నేడు ఇందుకు ప్రధాన కారణం. పొగాకు, గుట్కా, అదుపులో లేని మధుమేహం దాన్ని ముదరబెడతాయి. పొగ తాగేవారి శరీరానికి విటమిన్ సి అవసరం కూడా ఎక్కువే. కనుక దంతవైద్యుని వద్ద గార తీయించుకోవడం తప్పదు. అయితే తీయించుకున్న తరువాత చిగురు గట్టిపడాలంటే పండు, ఆకుకూర, పప్పు, గుడ్డు వంటి సమతులాహారం అందాలి. ఒంటరిగా ఉండి అన్నం, పచ్చడితో సరిపెట్టుకునే వృద్ధులు, మద్యానికి బానిసలై తిండి మానేసినవారు, కాయగూరలు ముట్టని పిల్లలు ఈ లోపానికి సులువుగా గురవుతారు. అలాంటివారి చిగుళ్లు ఎర్రబడి ఉబ్బితే, ఏం తింటున్నారన్నది కూడా వైద్యునికి చెప్పాలి.

లండన్‌లోని ఉష్ణమండల వైద్య విద్యాలయ భవనం గోడపై ప్రజారోగ్య వైతాళికుల పేర్ల సరసన లిండ్ పేరు చెక్కి ఉంది. ఆయన జీవితం రెండు విషయాలను నిరూపించింది. పెద్ద రోగానికి మందు పెరటి చెట్టుపైనే ఉండవచ్చు. ఆ సంగతి తెలిసినా ఆచరణకు నోచుకోకపోతే వేలాది ప్రాణాలు గాలిలో కలిసిపోవచ్చు. ఆయన ప్రయోగానికి, ప్రభుత్వ నిర్ణయానికి మధ్య గడిచిన 48 ఏళ్లలో కడలి పాలైన నావికులే దీనికి సాక్ష్యం.